రెస్టోర్ చేసిన ఎంజీబీ కొంటున్నారా? ముందు తలుపుల కింద చూడండి

బ్రిటన్‌లో ఎండలు మొదలవుతూనే ఓపెన్ టాప్ పాత కార్లు అమ్మకానికి వరస కడతాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది ఎంజీ కంపెనీ కారు ఎంజీబీ రోడ్‌స్టర్. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్‌లో తయారైన కారు ఇది. కొత్త బాడీషెల్ (కారు రేకు బాడీ) మీద కట్టినదాన్నీ 'పూర్తి రెస్టోరేషన్' అంటారు, తుప్పు మీద రేకు అతికించి రంగు కొట్టినదాన్నీ అదే మాటంటారు. ఇంజిన్ పోతే సామాన్లు సులువుగా దొరుకుతాయి. బాడీ పోతే మాత్రం కారుకు పెట్టినంత డబ్బు మళ్లీ పెట్టాలి. అందుకే బానెట్ తెరవకముందే మోకాళ్ల మీద కూర్చోండి.

ఈ కారుకు విడిగా ఛాసీ లేదు, రోడ్‌స్టర్‌కు పైకప్పూ లేదు. బరువంతా మోసేది తలుపుల కింద ఉండే సిల్సే. బయటి రేకు, లోపలి రేకు, మధ్యలో నిలువు రేకు, అడుగున 'కాజిల్ రైల్' అనే పట్టీ: ఈ నాలుగూ గట్టిగా ఉంటేనే సిల్ గట్టిది. సిల్ రెండు కొసలూ ముందు, వెనక వింగుల (చక్రాల మీది పక్క రేకుల) లోపలికి వెళ్తాయి. కాబట్టి సరిగ్గా మార్చాలంటే ముందు వింగు విప్పాలి, వెనక వింగు కింది భాగం కోయాలి. ఆ శ్రమ తప్పించుకోవాలని పాత సిల్ మీదే కొత్త రేకు కప్పి వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. రెండేళ్లలో లోపలి తుప్పు బయటికొస్తుంది. సిల్ మీద స్టీలు తొడుగు వేసి ఉంటే ఇంకా అనుమానించండి.

తలుపు మూసి, వెనక అంచు దగ్గర సందు పైనుంచి కింది దాకా వేలితో తడిమి చూడండి. పైన సన్నబడి కింద వెడల్పయితే బాడీ మధ్యలో కుంగిందన్నమాట. యజమాని ఒప్పుకుంటే పక్క జాకీ పాయింట్ దగ్గర మెల్లగా ఎత్తించి ఆ సందే మళ్లీ చూడండి. అది మారితే, లేదా జాకీ రేకులోకి దిగబడితే, బేరం అక్కడితో ఆపేయండి. కిందికి దూరాలంటే యాక్సిల్ స్టాండ్లు (ఎత్తిన కారును నిలబెట్టే ఆధారాలు) ఉండాల్సిందే, ఒట్టి జాకీని నమ్మి దూరొద్దు.

పలచటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ముందు వింగులో చక్రానికి వెనకున్న కింది మూలకు, వెనక చక్రాల పైనున్న రేకు వంపు అంచులకు ఆనించండి. అంటుకోకపోతే రంగు కింద పుట్టీ దట్టంగా ఉన్నట్టే. రంగుకు ముందు, రేకు బయటపడి ఉన్నప్పటి ఫొటోలు అడగండి. పని నిజంగా చేయించినవాళ్లు అవి దాచుకుంటారు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, ఎందుకో అడగండి. బాగా వేడెక్కాక నడుస్తుండగా ఆయిల్ ప్రెషర్ 50-80 పీఎస్‌ఐ ఉండాలి, ఐడిల్‌లో 15కు తగ్గకూడదు. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే ఇంజిన్ వాల్వులు కదిలే గొట్టాలు, అంటే వాల్వ్ గైడ్లు, అరిగి ఉండొచ్చు. 1967 దాకా వచ్చిన గేర్‌బాక్సుల్లో మొదటి గేరుకు సింక్రో (గేరు మెత్తగా పడేలా చేసే అమరిక) లేదు. కదులుతుండగా వేస్తే గర్రుమనడం లోపం కాదు. ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజిన్ తిరుగుడు తగ్గించే అదనపు గేరు) పడకపోతే తరచూ స్విచ్చో వైరో కారణం. ధర తగ్గించుకోండి, భయపడకండి.

ముందు చక్రాన్ని నేల నుంచి ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే పక్కనున్నవారిని బ్రేకు తొక్కమనండి. అప్పుడూ కదిలితే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కడ్డీ) అరిగింది, ఆగిపోతే బేరింగ్‌ది తప్పు. కింగ్‌పిన్‌కు 3,000 మైళ్లకోసారి గ్రీజు పడాలి. వైర్ వీల్స్ (కమ్మీల చక్రాలు) ఉంటే ఒకటి విప్పించి, చక్రం బిగిసే హబ్ మీది పళ్లు చూడండి. కొసలు చదునుగా ఉంటే మంచివి, రంపంలా సూదిగా తేలితే హబ్, వీల్ రెండూ మార్చాలి.

40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు ఎంఓటీ (బ్రిటన్‌లో ఏటా జరిగే వాహన భద్రతా పరీక్ష) తప్పనిసరి కాదు. అయినా ఒకసారి చేయించమని పట్టుబట్టండి. ఖర్చు తక్కువ, కారు అడుగుభాగం మూడో మనిషి చూసినట్టవుతుంది. వీ5సీ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) యాజమాన్యానికి రుజువు కాదు. అందులోని ఛాసీ నంబరును (కారు గుర్తింపు నంబరును) బానెట్ కింది ప్లేటుతో పోల్చి, విక్రేత పేరున్న కొనుగోలు రసీదు కూడా చూశాకే బయానా ఇవ్వండి.