ఎత్తైన పీఠభూమి కింద చమురు ఉందో లేదో అంచనా వేయడం ఎలా?

విజయనగరం చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా దొరికేది ఖోండలైట్. పగలగొట్టి చూస్తే ఎర్రటి గార్నెట్ గింజల మధ్య అక్కడక్కడా నల్లగా మెరిసే రేకులు కనిపిస్తాయి. వేలితో రుద్దితే నలుపు అంటుతుంది. అది గ్రాఫైట్. డిగ్రీ పిల్లలకు చమురు పాఠం నేను ఈ రాయితోనే మొదలుపెడతాను. “మాస్టారూ, మన కొండల కింద ఆయిల్ ఉండదా?” అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఖోండలైట్ ఒకప్పుడు బురద మట్టే. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో 800 డిగ్రీలు దాటిన వేడికి అందులోని కర్బనం చమురు దశా, గ్యాస్ దశా దాటిపోయి గ్రాఫైట్ అయింది. కాబట్టి ఇక్కడ వెతికి లాభం లేదు.

టిబెట్ పీఠభూమి సంగతి వేరు. అక్కడ రాళ్లు అంతగా మాడలేదు. ఉత్తర టిబెట్‌లోని ఛియాంగ్‌తాంగ్ బేసిన్ (పూర్వం మట్టి, ఇసుక పొరలుగా పేరుకున్న పల్లం) సుమారు 5,000 మీటర్ల ఎత్తున ఉంది. అందులో ట్రయాసిక్, జురాసిక్ కాలాల సముద్రపు సున్నపురాళ్లు, షేళ్లు (బురద గట్టిపడి పొరలుగా మారిన రాళ్లు) ఉన్నాయి. ఇలాంటి చోటును ఎలా బేరీజు వేయాలో చెబుతాను.

ముందు సోర్స్ రాక్, అంటే చమురు పుట్టే రాయి చూడండి. షేల్‌లో సేంద్రియ కర్బనం కనీసం అర శాతం ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. పైకి తేలిన రాయిలో ఎండకీ గాలికీ కొంత కర్బనం పోతుంది, బాగా ఉడికిన రాయిలోనూ తగ్గుతుంది. 0.4 శాతం వచ్చిందని వెంటనే కొట్టేయకండి.

తర్వాత వేడి. పలాసలో జీడి గింజ కాల్చినట్టే ఇదీ. తక్కువైతే పప్పు రాదు, ఎక్కువైతే మాడిపోతుంది. సుమారు 60 నుంచి 150 డిగ్రీల మధ్య చమురు తయారవుతుంది, ఆ పైన గ్యాస్. రాయి ఎంత వేడెక్కిందో విట్రినైట్ అనే చెక్క అవశేషపు మెరుపు చెబుతుంది. దాని మీద పడిన వెలుతురులో తిరిగొచ్చేది 0.6 నుంచి 1.3 శాతం దాకా ఉంటే చమురు దశ.

పీఠభూమి మీద చాలామంది తడబడేది ఇక్కడే. ఇప్పటి లోతును బట్టి వేడి లెక్కేస్తారు. ఒక షేల్ ఇప్పుడు 1 కిలోమీటరు లోతులో ఉంది, విట్రినైట్ 1.0 శాతం వచ్చింది అనుకుందాం. అంటే అది ఒకప్పుడు 130 డిగ్రీల దాకా వేడెక్కింది. అప్పట్లో నేల పైన 10 డిగ్రీలు, కిలోమీటరుకు 30 డిగ్రీల చొప్పున పెరుగుదల అనుకుంటే, 130 లోంచి 10 తీసి 30తో భాగించండి. 4 కిలోమీటర్లు. ఇప్పుడున్నది 1 కిలోమీటరే కాబట్టి పైనున్న 3 కిలోమీటర్ల రాయి కోతకు గురై పోయింది. కిలోమీటరుకు 25, 35 డిగ్రీలు పెట్టి కూడా చేయండి. జవాబు ఎంత మారుతుందో చూస్తేనే మీ అంచనా మీద ఎంత నమ్మకం ఉంచాలో తెలుస్తుంది.

ఆ 3 కిలోమీటర్లు పోయినప్పుడు లోపల చమురు ఏమైంది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. పై బరువు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, చమురులో కరిగిన గ్యాస్ విడిపోతుంది, మూతలా ఉన్న రాయి పగుళ్లు తీస్తుంది. భారత ఖండం ఆసియాను ఢీకొన్నది సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట. అంతకు ముందే చమురు తయారై ఉంటే, తర్వాత వచ్చిన మడతల్నీ భ్రంశాల్నీ (రాతి పొరలు తెగి జరిగిన చోట్లను) అది తట్టుకుని నిలవాలి. ఛియాంగ్‌తాంగ్‌లో డోలమైట్ రాళ్లకు పాత చమురు అంటుకుని ఉంది. దాన్ని చూసి సంబరపడేముందు ఆలోచించండి. చమురు పుట్టిందనడానికి అది సాక్ష్యమే, కానీ ఆ చోట పగిలి కారిపోయిందనడానికీ అదే సాక్ష్యం. అందుకే మ్యాప్‌లో మూతగా పనిచేసే జిప్సం పొరలు ఎక్కడ తెగకుండా ఉన్నాయో, భ్రంశాలు ఎక్కడ తక్కువో రంగు పెన్సిల్‌తో గుర్తించండి. ఆ రెండూ కలిసే చోటే మంచి మార్కు వేయండి.

ఎత్తు ఉన్నంత మాత్రాన ఆశ వదలక్కర్లేదు. అదే పీఠభూమి ఉత్తరాన, సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న ఛైదమ్ బేసిన్‌లో 1958లోనే లెంగ్‌హు దగ్గర చమురు ఎగదన్నింది. అక్కడే సెబేయ్ అనే చోట దొరికే గ్యాస్‌ది ఇంకో దారి. లేత సరస్సు బురదలో సూక్ష్మజీవులు చేసిన గ్యాస్ అది, వేడితో పనిలేదు. అలాంటి చోట విట్రినైట్ తక్కువ వచ్చిందని పక్కన పెడితే ఉన్న గ్యాస్‌ని వదులుకున్నట్టే.

ఛియాంగ్‌తాంగ్‌లో చెప్పుకున్న లాంటి జురాసిక్ సముద్రపు షేల్‌ను మన పిల్లలు చేతితో ముట్టుకోవాలంటే హిమాచల్‌లోని స్పితి షేల్ ఉంది. ఫీల్డ్‌ట్రిప్‌కి వెళ్తే పైన తుప్పు రంగు పొర తీసేసి, లోపల నల్లగా, గట్టిగా తగిలేదాకా తవ్వి ముక్క తీయండి. ప్లాస్టిక్ సంచిలో వేయకండి, దాని కర్బనం ముక్కకు అంటి రిపోర్టు తప్పుతుంది. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి గుడ్డసంచిలో వేసి, ఏ పొరలోంచి తీశారో అక్కడికక్కడే రాసుకోండి.