తిరగబెట్టే నడుం నొప్పికి కైరోప్రాక్టిక్: ఎన్నాళ్లకోసారి, ఎంతవరకు

నడుం పట్టేసి, వారం పది రోజుల్లో సర్దుకుని, మళ్లీ ఏడాదిదాకా అటువైపు రాకపోతే మీకు కైరోప్రాక్టిక్, అంటే వెన్నెముక కీళ్లను చేత్తో నొక్కి, తిప్పి కదిలించే వైద్యం, అక్కర్లేదు. ఏటా మూడు నాలుగుసార్లు తిరగబెట్టేవాళ్లకు, అదీ మొదటి నాలుగైదు సిట్టింగుల్లోనే తేడా తెలిసినవాళ్లకు మాత్రమే వాయిదాల ప్రకారం వెళ్లడం వల్ల ఉపయోగం. బీపీ, షుగరు దగ్గర పెట్టుకోవడానికో, ఇమ్యూనిటీ పెరగడానికో నెలనెలా వెన్ను సరిచేయించుకోమంటే ఆ మాటకు ఆధారం లేదు.

ఆ ఉపయోగం ఎంతో కూడా తెలుసుకుని మొదలుపెట్టండి. స్వీడన్‌లో 328 మందిపై జరిగిన పరిశీలన ఫలితాలు 2018లో వచ్చాయి. నొప్పి వచ్చినప్పుడే వెళ్లినవాళ్లతో పోలిస్తే, ముందే అనుకున్న వ్యవధిలో వెళ్లినవాళ్లకు నొప్పి ఇబ్బంది పెట్టిన రోజులు ఏడాదికి సుమారు 13 తగ్గాయి. అందుకు అదనంగా పట్టిన సిట్టింగులు సగటున రెండు కూడా లేవు. కాబట్టి వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదికి వంద సిట్టింగుల ప్యాకేజీ అమ్మేవాళ్ల లెక్క వేరు, వైద్యం లెక్క వేరు.

మొదటిరోజు బల్లమీద పడుకోబెట్టేముందు కైరోప్రాక్టర్ కనీసం పావుగంట మిమ్మల్ని అడగాలి, చూడాలి. వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తి చూస్తారు. నొప్పి మోకాలి కిందికి జివ్వున పాకితే నరం మీద ఒత్తిడి ఉందేమో ఆలోచించాలి. మడమల మీద, మునివేళ్ల మీద నడిపిస్తారు. ఎముకలు గుల్లబారినా, స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్నా, రక్తం పలచబడే మందులున్నా, గతంలో క్యాన్సర్ వచ్చినా వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. కూర్చున్నప్పుడు ఆనే చోట తిమ్మిరి, మూత్రం బిగబట్టినట్టు ఆగిపోవడం, పాదం పైకి లేవకపోవడం ఉంటే కైరోప్రాక్టర్ దగ్గరకు కాదు, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఏమీ అడగకుండా నేరుగా మెలితిప్పబోతే లేచి వచ్చేయండి. ఎక్కడ చదివారు, నాలుగైదేళ్ల డిగ్రీనా వారాంతపు కోర్సా అని అడగడానికి మొహమాటపడొద్దు. దగ్గర్లో తగినవాళ్లు లేకపోతే, చేత్తో కీళ్లు కదిలించే వైద్యం నేర్చిన ఫిజియోథెరపిస్టు సరిపోతారు.

టప్‌మని వినిపించే శబ్దం పక్కకు జరిగిన ఎముక వెనక్కు వచ్చి కూర్చున్నది కాదు. మెటికలు విరిచినప్పుడు వచ్చేదే అదీ: కీలులోని జిగటద్రవంలో ఒత్తిడి ఒక్కసారి తగ్గి వాయువు బుడగ ఏర్పడుతుంది. మెటిక విరిచాక అదే వేలు మళ్లీ పలకడానికి ఇరవై నిమిషాలదాకా పడుతుంది. శబ్దం రాలేదని రెండోసారి, మూడోసారి గట్టిగా తిప్పించుకోవడం వల్ల లాభం లేదు.

ఇక వాయిదాలు. మొదటి రెండు మూడు వారాల్లో నాలుగు నుంచి ఆరు సిట్టింగులు. నాలుగు వారాలకీ తేడా లేకపోతే అక్కడితో ఆపి డాక్టరుకు చూపించండి. తగ్గితే తర్వాతిది రెండు వారాలకు, ఆపైన నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు వారాలకు జరుపుకుంటూ పోవాలి. ఎక్కడ నొప్పి తిరగబెడితే అక్కడినుంచి ఒక మెట్టు వెనక్కి. ఎనిమిది వారాలకు బాగుండి పన్నెండుకు పట్టేస్తోందంటే మీ వ్యవధి ఎనిమిది. దీన్ని తేల్చేది కైరోప్రాక్టర్ కాదు, మీ గోడమీది క్యాలెండర్. నొప్పి వల్ల పని ఆగిన రోజుకు ఇంటూ గుర్తు, నొప్పి ఉన్నా పని సాగిన రోజుకు చుక్క పెట్టండి. మూడు నెలలకోసారి లెక్కపెట్టండి.

మధ్యలో ఇంట్లో చేసేది లేకపోతే సిట్టింగుల డబ్బు వృథా. చేతులు, మోకాళ్లు నేలకానించి కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కు చాచి ఎనిమిది సెకన్లు ఆగండి. ఒక్కోవైపు ఆరుసార్లు, కాస్త విశ్రాంతి, తర్వాత నాలుగు, చివర రెండు. అందరూ చేసే తప్పు కాలు మరీ పైకెత్తడం. నడుం మెలిక పడుతుంది. నడుం మీద అడ్డంగా అప్పడాల కర్ర పెట్టుకుని చేయండి. అది దొర్లి కింద పడిందంటే కాలు దించి, ఉదరం కొద్దిగా బిగించాలి. వారానికి ఐదు రోజులు అరగంట నడకకు నెమ్మదిగా చేరుకోండి. నిద్రలో వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటి డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి కాబట్టి లేచిన మొదటి గంటలో వంగి ముగ్గు వేయడం, బిందె ఎత్తడం మానండి. నిండు గ్యాస్ సిలిండరు సుమారు ముప్పై కిలోలు. ఎత్తొద్దు, అడుగు అంచుమీద వంచి దొర్లించండి. ఇక నడుం బెల్టు. దీర్ఘకాలపు నడుం నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు బెల్టులు, నడుమును సాగదీసి లాగే ట్రాక్షన్ వద్దన్నాయి. వెన్నెముకను చేత్తో సరిచేసే వైద్యాన్ని, వ్యాయామాన్ని పరిశీలించదగ్గవిగా చెప్పాయి.

మెడ సంగతి వేరు. సెలూన్లో తలమర్దన చేశాక అలవాటుగా రెండువైపులా విరిచేది వద్దనండి. మెడను హఠాత్తుగా తిప్పినప్పుడు మెదడుకు వెళ్లే ధమని లోపలి పొర చీలి పక్షవాతం రావడం అరుదే కానీ జరుగుతుంది. ఎప్పుడూ లేని కొత్తరకం మెడనొప్పి, తలనొప్పి ఉన్నప్పుడు అసలు తిప్పించుకోవద్దు. తిప్పించాక మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, నడక తూలినా వెంటనే ఆసుపత్రికి. నడుం కోసం వెళ్లినవాళ్లకు మెడ కూడా కలిపి చేయడం చాలాచోట్ల అలవాటు. అక్కర్లేదని ముందే చెప్పండి.

అమెరికాలో పిల్లల దగ్గరుండే పెద్దవాళ్లు ఒకటి గమనించాలి: అక్కడ వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్యబీమా మెడికేర్ నొప్పి తగ్గించే సిట్టింగులకే డబ్బిస్తుంది, తగ్గాక కొనసాగించే వాటికి ఇవ్వదు. ఆ ఖర్చు చేతినుంచే.

ఏడాది గడిచాక ఒక వాయిదాకు కావాలనే వెళ్లకండి. వ్యాయామం మాత్రం ఆపొద్దు. క్యాలెండర్లో ఇంటూలు పెరగకపోతే ఆ తర్వాతిదీ రద్దు చేసుకోండి.