ప్లాన్ 9తో రోజువారీ పని ఎలా చేసుకోవాలి?

అనంతపురంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత థింక్‌ప్యాడ్ ఒకటి ఉంది నా దగ్గర. అందులో విండోస్ లేదు, లినక్స్ కూడా లేదు. లినక్స్‌కు మూలమైన యూనిక్స్ పుట్టిన అమెరికా సంస్థ బెల్ ల్యాబ్స్‌లోనే పరిశోధన కోసం తయారైన ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టం ఉంది. 1992లో యూనివర్సిటీలకు ఇచ్చిన సిస్టం ఇది. మీరు మొదలుపెట్టేటట్లయితే 2011లో దాని నుంచి విడివడిన 9ఫ్రంట్ తీసుకోండి, పాత ల్యాప్‌టాప్‌ల మీద బాగా నడుస్తుంది.

ముందు ఒక మాట. ఉన్న ఒక్క కంప్యూటర్‌లో ఇది వేయకండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఇందులో లేవు, కాబట్టి బ్యాంకు పని, రైలు టికెట్లు ఫోన్‌లోనే చూసుకోవాలి.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే కొన్ని ప్రశ్నలు అడుగుతుంది, చాలావాటికి ఎంటర్ కొడితే చాలు. తర్వాత ఇన్‌స్టాలర్ నడపండి. ఫైల్ సిస్టం (డిస్క్ మీద ఫైళ్లు దాచే పద్ధతి) ఏది కావాలని అడిగినప్పుడు డిస్క్ పెద్దదైతే సీడబ్ల్యూఎఫ్ఎస్ ఎంచుకోండి, ఎందుకో కింద చెప్తా.

అసలు కష్టం మౌస్‌తోనే. మూడు బటన్లు కచ్చితంగా ఉండాలి, నేను థింక్‌ప్యాడ్ వెతుక్కున్నది అందుకే. ఖాళీ స్క్రీన్ మీద కుడి బటన్ నొక్కి పట్టుకుని న్యూ ఎంచుకుని, అదే బటన్‌తో గీస్తే ఆ సైజులో విండో వస్తుంది. ఆక్మే ఎడిటర్‌లోనైతే ఏ మాట మీద మధ్య బటన్ నొక్కితే అదే కమాండ్, ఫైలు పేరు మీద కుడి బటన్ నొక్కితే ఆ ఫైలు తెరుచుకుంటుంది, ఎడమ బటన్ వదలకుండానే మధ్యది నొక్కితే కట్, కుడిది నొక్కితే పేస్ట్. మొదటి వారం వేళ్లు తడబడతాయి, టెన్షన్ పడొద్దు. అలవాటయ్యాక వేరే కంప్యూటర్ ముందు కూర్చుంటే చెయ్యి మధ్య బటన్ కోసమే వెతుకుతుంది.

తెలుగు సంగతి. అక్షరాలను కంప్యూటర్‌లో దాచడానికి మనం ఇప్పుడు ప్రతిచోటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిని బెల్ ల్యాబ్స్‌కు చెందిన కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో ఈ సిస్టం కోసమే రూపొందించారు, అందుకే తెలుగు ఫైలు పాడవదు. కానీ స్క్రీన్ మీద ఒత్తులు అక్షరానికి అతుక్కోవు, విడివిడిగా పడతాయి. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదొక్కటే. తెలుగు రాతంతా ఫోన్‌లోనే రాసుకుంటున్నాను.

ఇందులో దాదాపు ప్రతిదీ ఫైలే. సీడబ్ల్యూఎఫ్ఎస్ ఎంచుకోమన్నది ఇందుకే. సాయంత్రం పని ముగించేముందు సీడబ్ల్యూఎఫ్ఎస్ కమాండ్ ఫైల్లోకి డంప్ అనే ఒక్క మాట రాస్తే, ఆ రోజు డిస్క్ ఎలా ఉందో అలాగే నిలిచిపోతుంది. రేపు పొరపాటున ఏదైనా చెరిపేసినా, ఆ తేదీ ఫోల్డర్‌లోకి వెళ్లి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఎఫ్ఎస్‌హాల్ట్ అనే కమాండ్ కొట్టి, అప్పుడే పవర్ ఆపండి. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కదా, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా వాడకండి.