లగ్జరీ కారు కొనే ముందు
టెస్ట్ డ్రైవ్‌ని ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రమే చేయకండి. సిగ్నళ్లు లేని ఆ 158 కిలోమీటర్ల రోడ్డు మీద, వెనక చక్రాలకు పవర్ ఇచ్చే బీఎండబ్ల్యూ 330ఎల్ఐ ఎవరికైనా నచ్చేస్తుంది. పొద్దున తొమ్మిదింటికి హైటెక్ సిటీ ట్రాఫిక్‌లోనూ నడిపి చూడండి. నెమ్మదిగా కదిలేటప్పుడు ఎక్కువగా ఎలక్ట్రిక్ మోటారు మీదే సాగే లెక్సస్ ఈఎస్ 300హెచ్ హైబ్రిడ్ ఎంత ప్రశాంతంగా ఉంటుందో అక్కడే తెలుస్తుంది.

ఆదివారం తెల్లవారుజామున శ్రీశైలం హైవే ఎక్కే అలవాటుంటే, డ్రైవింగ్ ఆనందానికి ఖర్చు పెట్టడం తప్పు కాదు. నేనైతే పెడతాను. కానీ వారంటీ అయ్యాక కూడా అదే కారు వాడాలనుకుంటే, ముందే సర్వీస్ సెంటర్‌కి వెళ్లి సస్పెన్షన్, గేర్‌బాక్స్ పార్టుల ధరలు, అవి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో అడగండి. ఎక్స్‌టెండెడ్ వారంటీని కూడా కలిపే బేరమాడండి.