మాట తప్పాక: 4వ పాఠం

పోయిన పాఠంలో చిన్న మాట ఇవ్వడం సాధన చేశాం: ఏమిటి, ఎవరికి, ఏ తేదీకి. ఈసారి ఇచ్చిన మాట తప్పాక ఏం చేయాలో నేర్చుకుందాం. బైబిలు, పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బెంగళూరు మారతహళ్లిలో ఒకే గదిలో ఉండే ఇద్దరిలో ఒకతను తమ్ముడి ఫీజు కోసం రెండో ఆయన దగ్గర 10,000 చేబదులు తీసుకుని, జనవరి 5న ఇస్తానన్నాడు. మూడు నెలలు గడిచాయి. అప్పిచ్చినాయన ఊరికి అటు చివరనున్న ఎలక్ట్రానిక్ సిటీకి మారిపోయాడు. తీసుకున్నతను ప్రతి ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్తాడు, కన్నీళ్లతో ప్రార్థిస్తాడు, అయినా మనసు తేలికపడదు. దేవునితో చెప్పుకున్నాడు గానీ అప్పిచ్చిన ఆ అన్నతో ఇంకా మాట్లాడలేదు.

మత్తయి 5:23-24 తీయండి. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినప్పుడు సహోదరునికి మీమీద విరోధం ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడమన్నారు ప్రభువు. ఆ మాట విన్న గలిలయవారికి బలిపీఠం యెరూషలేములో ఉంది, కాలినడకన దాదాపు మూడు రోజుల దారి. దానితో పోలిస్తే ఎలక్ట్రానిక్ సిటీ దారిలోని సిల్క్ బోర్డు ట్రాఫిక్ ఎంత!

మొదటి పని, చెప్పబోయే మాటను రాసుకోవడం. ఎక్కువ సమయం దీనికే పెట్టండి. తప్పు చేసినవాడు కనబడకుండా మాట్లాడటానికి మన తెలుగులో దారులు చాలా ఉన్నాయి. ‘కుదరలేదన్నా.’ ‘డబ్బు సర్దుబాటు కాలేదు.’ ‘కాస్త ఆలస్యం జరిగింది.’ వీటిలో కర్త ఎక్కడున్నాడు? మ్రొక్కుకుని తప్పినవాడు అది పొరపాటని చెప్పుకోవద్దని ప్రసంగి 5:6 హెచ్చరిస్తోంది. మీ వాక్యం ఇలా ఉండాలి:

‘అన్నా, జనవరి 5న ఇస్తానన్న పదివేలు నేను ఇవ్వలేదు. మీరు ఫోన్ చేస్తే చూసి కూడా ఎత్తలేదు. తప్పు నాది, క్షమించండి.’

‘నేను’ కింద గీత గీయండి. ‘కానీ’ వచ్చిందా, అక్కణ్ణుంచి కొట్టేయండి. ‘మిమ్మల్ని బాధపెట్టి ఉంటే’ అని రాశారా, అదీ కొట్టేయండి. బాధపెట్టారు కదా, మళ్లీ ‘ఉంటే’ ఎందుకు? కారణాలు ఆయన అడిగితేనే చెప్పండి. వాట్సాప్‌లో పంపొద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి.

రెండో పని చెల్లింపు. లేవీయకాండము 6:5, సంఖ్యాకాండము 5:7 ఒకే కొలత చెబుతాయి: అసలు, దానిపై ఐదవ వంతు. పదివేలకు 12,000. మనం పాత నిబంధనలోని ఆ బలుల విధి కింద లేం, నిజమే. అయినా ఆ ఐదవ వంతులో అవతలివారి నష్టానికి లెక్క ఉంది. ఆ మూడు నెలలు ఆయన వడ్డీకి తెచ్చుకున్నారేమో, ఎవరికి తెలుసు? ఆయన వద్దంటే బలవంతం చేయకండి. చేతిలో అంత లేకపోతే 2,000 ఆ రోజే ఇచ్చి, మిగతాది ప్రతి నెలా 5న 2,000 చొప్పున ఐదు నెలల్లో తీరుస్తానని చెప్పండి. కతోలిక పాఠకులకు ఒక మాట: పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసినంత మాత్రాన ఈ బాకీ రద్దు కాదు.

అలాగని చెల్లింపు క్షమాపణకు ధర కాదు. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తాననడం 8వ వచనంలో ఉంది. అతని ఇంట్లో దిగుతానని యేసు పిలిచింది 5వ వచనంలో. ముందు వచ్చింది పిలుపే.

ఎక్కువమంది బోల్తాపడేది దీని తర్వాతే. తప్పు ఒప్పుకున్న ఊపులో ‘ఇక జన్మలో మాట తప్పను’ అంటారు. అందరూ విడిచినా నేను విడవనని యేసుతో అన్న శిష్యుడు పేతురు మాట అలాంటిదే (మత్తయి 26:33), ఆ రాత్రే ఆయన్ను ఎరగనని మూడుసార్లు అన్నాడు. యోహాను 21లో నిప్పుల దగ్గర ప్రభువు అతని చేత కొత్త ప్రమాణం చేయించలేదు. ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని మూడుసార్లు అడిగి, గొర్రెలను మేపే పని అప్పగించారు. మీరూ కొత్త ఒట్టు పెట్టకండి, వచ్చే 5వ తేదీకి 2,000 పట్టుకెళ్లండి చాలు. ‘క్షమించానని చెప్పన్నా’ అని వెంటపడటం కూడా తప్పే, ఆయనకు సమయం కావాలి.

ఈ వారం అభ్యాసం: మీరు తప్పిన ఒక్క మాటను ఎంచుకోండి, పెద్దది వద్దు. పైన చెప్పినట్టు మూడు వాక్యాలు రాసి, పైకి రెండుసార్లు చదవండి. ఆదివారం ఆరాధనకు ముందే ఆ మనిషిని కలవండి. ఆయన క్షమించనంటే కాగితం చించేయకండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.