హెచ్‌బీ 6.5 వచ్చింది, రక్తం ఎక్కించకుండా దారి ఉందా?

కడుపుతో ఉన్నావిడ రిపోర్టులో హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 7 కంటే తక్కువ కనబడగానే ఇంట్లోవాళ్ళు రక్తం ఎవరిస్తారా అని ఫోన్లు మొదలుపెడతారు. అంతకంటే ముందు చూడాల్సింది ఎన్నో నెల, కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తోందా అని. అంకె 5 కంటే తక్కువైనా, కాన్పు దగ్గరపడ్డాక 7 కంటే తక్కువున్నా, ఏ నెలలోనైనా ఆయాసంతో వెల్లకిలా పడుకోలేకపోతున్నా ఆ రోజే పెద్దాస్పత్రికి వెళ్ళండి. అక్కడ రక్తం ఎక్కించాలంటే వాదించకండి, ఎందుకంటే ఐరన్‌తో రక్తం పట్టడానికి వారాలు కావాలి. కింద రాసిందంతా ఇంకా టైమున్నవాళ్ళకి.

సమస్య: మాత్రలు మింగుతున్నా పెరగట్లేదు

నిజంగా మింగుతున్నారా? కోప్పడకండి, వికారానికి భయపడి డబ్బాలో దాచేసేవాళ్ళు చాలామందే. మాత్ర లోపలికి వెళ్తుంటే విరేచనం నల్లగా వస్తుంది, అది మామూలే. మింగుతున్నా పెరగకపోతే టీని అనుమానించండి, తర్వాత కాల్షియం మాత్రని. ఐరన్, కాల్షియం ఒక్కసారే వేసుకుంటే కాల్షియం ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ నిమ్మరసంతో, టీ ఇంకోపూట. వికారమైతే రాత్రి పడుకోబోయే ముందు వేసుకుని చూడండి. ప్రభుత్వ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముంటుంది, రక్తహీనత ఉన్నవాళ్ళకి మామూలుగా రోజుకి రెండు రాస్తారు.

బీట్‌రూట్ జ్యూస్ తాగండి, పాడేమీ లేదు, కానీ ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు.

సమస్య: బలపాలు, పచ్చి బియ్యం, మట్టి తినాలనిపిస్తోంది

వేవిళ్ళని నవ్వేస్తారు. చాలాసార్లు అది ఒంట్లో ఇనుము అడుగంటిందన్న కబురు. మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళకి కొంకిపురుగులు కూడా ఉండొచ్చు, అవి పేగులోంచి రక్తం తాగుతాయి. మూడు నెలలు దాటాక డాక్టరు ఒక్క ఆల్బెండజోల్ 400 మాత్ర ఇస్తారు.

సమస్య: ఆరో నెల, హెచ్‌బీ 6.5, మాత్రలతో అందుకోలేం

సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించే ఐరన్ ఉన్నది ఇలాంటివాళ్ళ కోసమే. మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. ఎంత కావాలో లెక్క ఉంది: గర్భానికి ముందున్న బరువుని, పెరగాల్సిన హెచ్‌బీతోనూ 2.4తోనూ గుణించి, నిల్వ కోసం 500 కలపాలి. 50 కిలోల ఆవిడకి 6.5 నుంచి 11కి రావాలంటే 1040 మిల్లీగ్రాములు. ఐరన్ సుక్రోజ్ అయితే ఒక్కోసారికి 200 చొప్పున రోజు విడిచి రోజు తిరగాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే 1000 ఒకేసారి, పావుగంటలో అయిపోతుంది, రాకపోకల ఖర్చు కలుపుకుంటే నా ఓటు దీనికే. ఇంటికి నర్సుని పిలిపించుకుని మాత్రం వద్దు, అరుదుగానైనా తీవ్రమైన అలర్జీ రావచ్చు, అయ్యాక అరగంట అక్కడే కూర్చోవాలి. సూది దగ్గర మంటగానీ వాపుగానీ వస్తే వెంటనే చెప్పండి, మందు బయటికి కారితే చర్మం మీద గోధుమరంగు మచ్చ నెలల తరబడి పోదు.

సమస్య: ఐరన్ ఎక్కించి నెలైనా కదల్లేదు

ఇనుము ఒక్కటే కారణం కాదన్నమాట. రక్తపరీక్షలో ఎంసీవీ (ఎర్రకణాల సైజు) చూడండి. కణాలు పెద్దగా ఉంటే బీ12, ఫోలిక్ లోపం కావచ్చు, శాకాహారులు మరీ చూసుకోవాలి. మరీ చిన్నగా ఉంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు తలసీమియా జన్యువు ఉందేమో తేల్చే పరీక్ష అడగండి. పాడేరు, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాలవాళ్ళు సికిల్ సెల్ (ఇదీ వంశపారంపర్య రక్తజబ్బే) పరీక్ష కూడా చేయించుకోవాలి.

అంకె 10 దాటినా కాన్పు మాత్రం రక్తం అందుబాటులో ఉన్న ఆస్పత్రిలోనే పెట్టుకోండి. మాత్రలు కాన్పయ్యాక కూడా ఆరు నెలలు వాడాలి, బిడ్డ హడావుడిలో అందరూ మరిచిపోయేది ఇదే.