జెల్లకి పీత ఎర

కృష్ణలో జెల్ల చేపలకి గాలం వేసేవాళ్లు ఎర్రల (వానపాముల) కోసం డబ్బులు తగలెయ్యక్కర్లేదు. పొద్దున్నే వరిచేల గట్ల వెంట చూడండి, రూపాయి బిళ్లంత పీతలు దొరుకుతాయి. బొరియలో చెయ్యి మాత్రం పెట్టొద్దు, పాములుంటాయి. అప్పుడే డొప్ప విడిచి, నొక్కితే మెత్తగా ఉన్నది దొరికిందా, దాన్ని విడిగా దాచుకోండి, చేప దాన్ని అస్సలు వదలదు. బకెట్ నిండా నీళ్లు పోసి పీతల్ని కుక్కితే ఊపిరాడక చస్తాయి (నేను మొదటిసారి చేసిన పని అదే). తడి గోనెసంచి చాలు.

డెక్కలు విరిచేసి, ఒక కాలు పీకిన కన్నంలోంచి గాలం దూర్చి, మొన డొప్ప బయటికి కనపడేలా తియ్యండి. మొన లోపలే ఉండిపోతే ఎర పోతుంది, చేప రాదు. విజయవాడ బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజు దిగువన ఒడ్డుకి దిగకండి.